తాళం తీసినా ఆగని బండి

నది పొంగి మన షెడ్డు కిటికీల దాకా నీళ్ళు నిలిచిన ఏడాది, గోడల మీద బురద ఇంకా ఆరకముందే, మీటరమ్మ గారు నీటి సరఫరా శాఖ వాహనాల షెడ్డులో తాత్కాలిక ఎలక్ట్రీషియన్‌గా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. తేదీ ఆఫీసు వారికి తెలుసు, నాకు వరదే గుర్తు. చేతిలో వోల్టు మీటరు లేకుండా ఆమెను చూసినవారు లేరు గనుక ఆ పేరే స్థిరపడింది. ఆమె పదవీ విరమణ సందర్భంగా నాలుగు మాటలు రాయమని నన్ను ఆదేశించారు. నేను మూడో తరగతితో బడి మానినవాణ్ణి, ఇదే షెడ్డులో మెకానిక్కుగా చేసి ముందే దిగిపోయినవాణ్ణి. నాలుగు మాటలంటే నాకు ఎక్కువే.

నీటి పైపులైన్లు చూసే లైన్‌మెన్ తిరిగే మోటారు సైకిళ్ళు అప్పటికే వృద్ధాప్యంలో ఉన్నవి. వరదలో మునిగి లేచాక పూర్తిగా మొండికేశాయి. తెల్లవారితే ఆవరణంతా కిక్కుల చప్పుడే. ఒకరు పెట్రోలులో నీళ్ళన్నారు, ఒకరు ప్లగ్గన్నారు, నేను ప్లగ్గుకి నిప్పురవ్వనిచ్చే కాయిల్ అన్నాను. కొత్త కాయిల్ వేశాం, బండి పాత పాటే పాడింది. ఇంజనీరు గారు విసిగిపోయి, "వీటిని వేలం వేసి షెడ్డు మూసేద్దాం" అన్నారు. మూస్తే మమ్మల్ని మరో చోటికి పంపుతారు, తాత్కాలిక ఉద్యోగి అయిన ఆమె మాత్రం నేరుగా ఇంటికి పోవలసిందే. ఇంట్లో అత్తగారు, బడికెళ్ళే ఇద్దరు పిల్లలు. ఆమె జీతమే వారందరికీ ఆధారం.

ఆమె బ్యాటరీ దగ్గర మీటరు పెట్టి చూశారు, పన్నెండున్నర వోల్టులు. కాయిల్ దగ్గర పెట్టారు, పది.

"దార్లో మిగతాది ఎవరు మింగారమ్మాయ్?" అన్నాను.

"తాళం స్విచ్చి, హ్యాండిల్ మీద స్విచ్చి, తుప్పు పట్టిన కనెక్టర్లు. తలో గుక్క తాగాయి బాబాయ్. కుళాయి సన్నగా వస్తే ట్యాంకుని తిడతామా?"

ఆమె ఉపాయం రిలే అనే చిన్న డబ్బా. బ్యాటరీ నుంచి లావు తీగ ఫ్యూజు మీదుగా రిలేకి, అక్కణ్ణుంచి నేరుగా కాయిల్‌కి. తాళం నుంచి వచ్చే పాత తీగ ఇక ఆ బరువు మోయదు, తెరువు, మూయి అని రిలేకి ఆజ్ఞ మాత్రం ఇస్తుంది. ఒక స్విచ్చిని నడపడానికి ఇంకో స్విచ్చి ఎందుకో నాకు అప్పుడు బోధపడలేదు. ఇప్పుడైనా, బోధపడినట్టే ఉండి జారిపోతుంది.

ఇంజనీరు గారి సమక్షంలో పరీక్ష పెట్టారు. ఒక్క కిక్కుకే బండి అందుకుంది. అందరం చప్పట్లు కొట్టాం. ఇంజనీరు గారు సంతోషించి తాళం తిప్పి చెవి బయటికి తీశారు. బండి నడుస్తూనే ఉంది. ఆయన చెవిని చూశారు, బండిని చూశారు. మళ్ళీ పెట్టి తిప్పి తీశారు. దడదడ.

"సార్, తాళం మీ చేతిలో ఉంది, పెత్తనం దాని చేతిలో ఉంది" అన్నాడొక లైన్‌మన్.

"నోర్ముయ్! అమ్మా, ముందు ఆపు!"

"ఆగాలి సార్... ఆగాలే!" అంటూ ఆమె ఉన్న స్విచ్చిలన్నీ నొక్కారు. చివరికి ఫ్యూజు పీకితే గానీ ఆగలేదు.

ఆ మధ్యాహ్నమంతా షెడ్డును అయోమయమే ఏలింది. ఆమె అన్నం డబ్బా కూడా తెరవకుండా బండి పక్కనే కూర్చున్నారు. పొద్దు వాలుతుండగా నన్ను పిలిచారు.

"పాత తీగని కాయిల్ నుంచి పీకలేదు బాబాయ్. దానికో కొమ్మ తీగ కట్టి రిలేకి ఇచ్చి, పాతదాన్ని అలాగే ఉంచేశా. ఉంటే కాస్త సాయమని."

ఇది మన శాఖవారు తప్ప మరొకరు చేయని తప్పు. నీళ్ళు చాలకపోతే రెండో లైను వేస్తాం, పాతది ఉంచేస్తాం. ట్యాంకుకు రెండు వైపులా నీళ్ళొస్తే నష్టమేముంది? ఇక్కడ మాత్రం కాయిల్‌కి చేరిన కరెంటు పాత తీగలో వెనక్కి పాకి, తెరిచే ఉండమని రిలేకి చెప్పింది.

"అంటే, ఆజ్ఞ తనకి తనే ఇచ్చుకుందా?"

"అచ్చం మా అత్తగారిలాగే."

పాత తీగను కాయిల్ నుంచి విడదీశారు. తాళం తిప్పితే బండి ఆగింది. అయితే లైన్‌మెన్ దగ్గరికి రాలేదు. "ఆగని బండి మీద వంతెన దిగేదెవరు తల్లీ? మాకూ పెళ్ళాం పిల్లలున్నారు" అన్నారు. ఇంజనీరు గారు, "ఎక్కేవాళ్ళే లేకపోతే ఉంచి ఏం లాభం? రేపటికి తేలకపోతే వేలమే" అని వెళ్ళిపోయారు.

అనంతర కాలంలో ఆమె ఉద్యోగం స్థిరపడటం, శాఖలోని ప్రతి బండికీ రిలే అమర్చటం, ప్రధాన ఎలక్ట్రీషియన్‌గా ఎందరికో పని నేర్పటం మీరెరిగినవే. పాత తీగ ఊడదీసి చూపించనిదే కొత్త తీగ చేతికిచ్చేవారు కారు. వారు నూరేళ్ళు కంటి చూపు తగ్గకుండా, మోకాళ్ళు మొరాయించకుండా, కుటుంబ సమేతంగా సుఖశాంతులతో ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

లైన్‌మెన్ ఎలా దారికొచ్చారని మీటరమ్మ గారి పిల్లలు నన్ను అడుగుతుంటారు. మర్నాడు పొద్దున వాళ్ళంతా గేటు దగ్గర టీ తాగుతుండగా, మా నాన్న కొన్న మోటారు సైకిలును, అంతవరకు ఎవరి చేయీ పడనివ్వని దాన్ని, వాళ్ళ మధ్య నుంచి తోసుకొచ్చి ఆమె బల్ల ముందు నిలబెట్టాను. తాళం చేతిలో పెట్టాను.

"దీనికీ ఆ డబ్బా పెట్టమ్మాయ్."

"అర్థమైందా బాబాయ్, అదెలా పనిచేస్తుందో?"

"లేదు. పెట్టు" అన్నాను.