ఇద్దరు నడిపే విమానం

...ఫ్యాక్టరీలో బీ షిఫ్టుకు ఇంకా రెండు గంటలుంది, రాంచీలో దిగిపోవచ్చు, కానీ దిగితే గది మళ్ళీ నిశ్శబ్దమైపోతుంది, కోల్‌కతా దాకా పోతేనే మేలు, అనుకుంటూ కూర్మారావు కంప్యూటర్ ఆటలో తెరమీది విమానాన్ని సిద్ధం చేస్తున్నాడు. మీటలు, ప్రొపెల్లర్లు, అన్నీ అసలు దానిలాగే ఉంటాయి. భాలుబాసా పేట నుంచి కూర గిన్నెతో వచ్చిన అక్క ఈశ్వరి గుమ్మంలోనే ఆగిపోయింది.

"లోపల ఎవులున్నార్రా?"

"ఎవులూ లేరక్కా."

"రెండు గొంతులు ఇనపడ్డాయి. 'ఫ్యూయల్?' అంటన్నాడొకడు, 'ఠీక్ హై' అంటన్నాడు ఇంకొకడు."

"రెండూ నేనే. అసలు విమానంలో ఇద్దరుంటారు. ఎగిరేముందు ఒకడు సరిసూసుకునే లిస్టు సదువుతాడు, రెండోవోడు సూసి జవాబు సెప్తాడు. నాకు రెండోవోడు లేడు కదా."

"నీ పెళ్ళాంతోనూ అదే కదరా సేసినావు!"

"ఏటి సేసినాను?"

"'సినిమాకెల్దామా' అని నువ్వే అడిగీవోడివి. అది నోరు తెరిసీలోగా 'నీకు తలనొప్పిలే' అని నువ్వే సెప్పీసీవోడివి. గోవింద్‌పూర్ పుట్టింటికెల్లి నాలుగు నెల్లయింది. ఎందుకెల్లిందో అడిగినావా?"

"కోపంతో ఎల్లింది. తెలిసిందే కదా."

"అదిగో, మళ్ళీ నువ్వే సెప్పేత్తన్నావు."

కూర్మారావు ఇంజన్లు ఆపేశాడు. ప్రొపెల్లర్లు నెమ్మదించి ఆగేదాకా చూసి, ఫోన్ తీసి భార్యకు కలిపాడు.

"తనూజా, ఎందుకెల్లిపోనావు?"

ఆమె నోరు తెరిచేలోగా అతని నాలుక మీదికి మూడు జవాబులొచ్చాయి. పెదవులు బిగించి, ఆమె చెప్పేదాకా ఆగాడు.