ఎవరూ బతిమాలలేదు

మధ్యాహ్నం. స్కూలు సంచులు తయారుచేసే కంపెనీ పెద్ద, పొద్దుట పనివాళ్ళతో మీటింగు ముగియగానే తన ఇంటికి పోకుండా అక్క ఇంటికి వచ్చి, ఆమె కుట్టు మిషను పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

“చప్పట్లు కొట్టారంటే మంచిదే కదరా.”

“మంచిదేనా? నేను పోతానంటే కొట్టారక్కా చప్పట్లు.”

“ఏమని పోతానన్నావు?”

“ఏమనాలి... అదే. కంపెనీ మీ చేతుల్లో పెట్టాను, వాటాలన్నీ మీవే, ఇక ఈ కుర్చీ కూడా నాకొద్దు, మీలోంచే ఒకర్ని ఎన్నుకోండి అన్నాను.”

“ఎన్నుకున్నారా?”

“ఎన్నుకున్నారు.”

“మరింకేం.”

“మరింకేం అంటావేమిటి? బతిమాలాలి కదా.”

“ఎవరు?”

“వాళ్ళు. ‘సార్, మీరు లేకపోతే ఎలా’ అనాలి. నేను వద్దనాలి. వాళ్ళు మళ్ళీ అనాలి. నేను మళ్ళీ వద్దనాలి. ఆపైన ఎవరో ఒకరు కళ్ళనీళ్ళు పెట్టుకోవాలి. అప్పుడు నేను, సరే, మీ మాట తీసెయ్యలేక... అని.”

“ఎవరు పెట్టుకోవాలి కళ్ళనీళ్ళు?”

“గోదాము వాచ్‌మన్ పెట్టుకుంటాడనుకున్నా. మెత్తని మనిషి. ముందు వరుసలోనే కూర్చున్నాడు.”

“పెట్టుకున్నాడా?”

“తల వంచుకుని కూర్చున్నాడు. నిద్రపోయాడనుకుంటా.”

“రాత్రి డ్యూటీ అయ్యుంటుంది.”

“నవ్వకు.”

“నవ్వట్లేదు. నోట్లో గుండుసూదులున్నాయి.”

“అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు కూడా చేశానక్కా. మొదటిసారి వద్దనేటప్పుడు చెయ్యి ఇలా. రెండోసారికి ఇలా, గుండె మీద.”

“మరదలు చూసిందా?”

“చూసింది. గుండెనొప్పి అనుకుని డాక్టరుకి ఫోన్ చెయ్యబోయింది.”

“ఇంతకీ ఎవర్ని ఎన్నుకున్నారు?”

“నీ శిష్యురాలినే. కుట్టు సెక్షన్ సూపర్‌వైజర్‌ని.”

“మంచి పిల్ల.”

“మంచిదే. నాకు దణ్ణం పెట్టి మరీ నా కుర్చీలో కూర్చుంది. ‘ఇదంతా మీరు నేర్పిందే సార్’ అంది. నేర్పాను, నిజమే. సభ సభకీ తిరిగి నేర్పాను. నాయకుడంటే సేవకుడు, నాయకుడు వెనక నిలబడాలి. వెనక అంటే మరీ గుమ్మం బయట అని కాదు కదక్కా.”

“ఎన్ని సభల్లో చెప్పావురా ఆ మాట.”

“పిలిచిన ప్రతి సభలోనూ. పిలవని సభకి కూడా ఒకసారి వెళ్ళాను.”

“క్యాంటీన్లో గిన్నెలు కూడా కడిగావుగా.”

“ఆ సంగతెత్తకు.”

“ఫొటో పేపర్లో పడిందిగా. మీ బావ చూపించారు.”

“పడింది. నేను కడిగినవన్నీ ఆ తర్వాత క్యాంటీనమ్మ మళ్ళీ కడిగింది. అది పేపర్లో పడలేదు. మరుసటి ఏడు నేనొస్తున్నానని తెలిసి, కడిగేసిన గిన్నెలే తెచ్చి నా ముందు పెట్టింది.”

“అంటే నీ సేవకి ఆవిడ సేవ చేసిందన్నమాట.”

“అనుకో. నువ్వు కూడా అనుకో.”

“బడిపిల్లలకి ఊరికే సంచులు పంచావు. అదైనా గొప్పే కదా.”

“వాటి మీద నా బొమ్మ వేయించాను కదా. పిల్లలు దానికి మీసాలు దిద్దారు. ఒకడైతే కొమ్ములు కూడా పెట్టాడు. అసలు సంగతి చెప్పనా, మీసాలతో బాగానే ఉన్నాననిపించింది.”

“పెంచుకోరాదూ. ఇక తీరికేగా.”

“దెప్పకు. ఆ పిల్ల చేసిన మొదటి పనేమిటో తెలుసా? నా గదిని, పనిలోకి వచ్చే తల్లులు పసిపిల్లల్ని పడుకోబెట్టుకోడానికి ఇచ్చేసింది. గోడ నిండా నా ఉత్తమ దాత షీల్డులు. ‘ఇవెక్కడ పెట్టమంటారు సార్’ అని అడిగారు.”

“ఎక్కడ పెట్టమన్నావు?”

“కారు డిక్కీలో ఉన్నాయి. మలుపు తిరిగినప్పుడల్లా గలగలమంటున్నాయి.”

“కాఫీ తాగుతావా?”

“మాట మార్చకు.”

“మార్చలేదు. అడిగాను.”

“నేనొచ్చి ఈ సంగతి చెప్తే నువ్వు ఉలిక్కిపడాలి కదా. తమ్ముణ్ణి సాగనంపారంటే ఏ అక్కైనా...”

“పంచదార తగ్గించమన్నాడా డాక్టరు?”

“అక్కా.”

“ఊఁ.”

“నీకు ముందే తెలుసా?”

“ఏది?”

“అక్కా.”

“ఈ సూదిలో దారం ఎక్కించిపెట్టు ముందు. నాకు ఆనట్లేదు.”

“ఇలా ఇవ్వు... ఎక్కింది. చెప్పు.”

“మొన్న ఆదివారం వచ్చారు.”

“ఎవరు?”

“ఆ పిల్ల, నీ వాచ్‌మన్, క్యాంటీనమ్మ, కటింగ్ సెక్షన్ వాళ్ళు, ఇంకా ఎవరెవరో. హాల్లో చోటు చాలక మెట్ల మీద కూర్చున్నారు.”

“ఎందుకు?”

“నువ్వు తప్పుకుంటానంటున్నావని విన్నార్ట. ‘సారు నిజంగానే వద్దంటున్నారా, మేము అడగాలని అలా అంటున్నారా’ అని కనుక్కుందామని.”

“అలాగే అడిగారా?”

“అక్షరం పొల్లుపోకుండా. ‘అడగాలంటే అడుగుతాం మేడమ్, కాళ్ళైనా పట్టుకుంటాం, ఆయన లేని కంపెనీ మాకు తెలీదు’ అంది ఆ పిల్ల. నీ వాచ్‌మన్ ఏడ్చాడు కూడా.”

“ఏడ్చాడా? ఇక్కడా?”

“ఆ మెట్టు మీదే. మీ బావ మంచినీళ్ళిచ్చారు.”

“మరి... మరి నువ్వేం చెప్పావు?”

“నిజంగానే వద్దంటున్నాడు, బతిమాలి మొహమాటపెట్టకండి అన్నాను. వాచ్‌మన్‌ని మాత్రం, తల ఎత్తావంటే నీకు ఏడుపొస్తుంది, వంచుకుని కూర్చో అన్నాను.”

“చప్పట్లు?”

“అవీ నేనే కొట్టమన్నాను.”

“నా సంగతి నీకు తెలుసుగా అక్కా.”

“తెలుసు.”

“తెలిసి కూడానా? ఆ కంపెనీ తప్ప నాకేం తెలుసు చెప్పు. రేపు పొద్దున లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికి పోవాలి నేను?”

“ఇక్కడికి రా.”

“వేళాకోళమా?”

“కాదురా. నిజంగానే అంటున్నా. రా.”

“ఒక్క మాట అని ఉంటే చాలు కదక్కా. అడగండర్రా, వాడికి ఆశగా ఉంది అని ఒక్క మాట. ఎందుకనలేదు?”

“మొదట్లో వంటగది మూల నువ్వు కత్తిరించేవాడివి, నేను కుట్టేదాన్ని. గుర్తుందా?”

“గుర్తుంది. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?”

“కంపెనీ వాళ్ళకిచ్చేద్దామని నువ్వు కాగితాలు తెచ్చిననాడు, నా సగం వాటా కూడా అందులోనే ఉందిరా. మారుమాట్లాడకుండా సంతకం పెట్టాను. నువ్వు ఎందుకిస్తున్నావో నేనడగలేదు.”

“మంచికే ఇచ్చానక్కా. నిజంగా. అంటే... చాలావరకు.”

“నీది నాకు తెలీదు తమ్ముడూ. నేను మాత్రం నిజంగానే ఇచ్చాను.”