పదకొండో పాఠం

పొద్దున్న ఏడు దాటింది. ఆమె నర్సు, రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే ఇంటికొచ్చింది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్, డ్యూటీకి బయల్దేరబోతున్నాడు. వంటింటి బల్ల మీద పరాయి దేశపు భాష నేర్పే పుస్తకం తెరిచి ఉంది.

“మళ్లీ అడుగుతున్నా. ‘మీరు ఏం పని చేస్తారు?’ వాళ్ల భాషలో చెప్పండి.”

“నేను లిఫ్టులు... ఆగు. బాగుచేయడాన్ని ఏమంటారబ్బా?”

“నిన్న పదిసార్లు చెప్పించాను.”

“నిన్నటిది నిన్నే పోయింది. నువ్వు ముందు చెప్పులు విప్పి ఓ గుక్క టీ తాగు. గుమ్మంలోనే మొదలెట్టావు.”

“కూర్చుంటే నిద్రొస్తుంది. నిలబడే అడుగుతాను. మన ఇద్దరికీ కలిసొచ్చేది ఈ ముప్పావు గంటే. చెప్పండి.”

“సరే... ఇదిగో, చెప్పాను. కరెక్టేనా?”

“మీరు చెప్పినదానికి అర్థం తెలుసా? ‘లిఫ్టులు నన్ను బాగుచేస్తాయి’ అని.”

“అవీ ప్రయత్నిస్తూనే ఉన్నాయి పాపం, ఇరవై ఏళ్లుగా.”

“పరీక్షలో కూడా ఇదే చెప్పారా?”

“అక్కడ ఇంతకన్నా ఘనంగా చెప్పాన్లే. మీ కుటుంబం గురించి చెప్పండి అన్నాడాయన. మా ఆవిడ నెలకోసారి పాడవుతుంది, నేను నూనె పోసి నడిపిస్తాను అన్నాను. లిఫ్టు మాట, నీ మాట తారుమారయ్యాయి. ఆయన నవ్వలేదు. తల వంచుకుని రాసుకున్నాడు.”

“మీకు నవ్వులాటగా ఉంది.”

“నవ్వకపోతే ఏడవాలి. రెండుసార్లు తప్పాను. స్కూల్లో కూడా ఎప్పుడూ తప్పలేదు నేను. నలభై నాలుగేళ్లొచ్చాక, ముక్కుమీద కళ్లజోడు పెట్టుకుని, కాలేజీ పిల్లల మధ్య కూర్చుని తప్పాను. అవునూ, నీకు ఉద్యోగమిచ్చిన ఆ దేశం ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేశారా?”

“పదకొండో పాఠం తియ్యండి.”

“చేశారా, లేదా?”

“చేశారు. తియ్యండి.”

“ఏమన్నారు? చేరడానికి ఇంకో రెండు నెలలు గడువు అడిగావుగా?”

“చెప్తానన్నాను కదా. ముందు ఇది కానివ్వండి.”

“ఎప్పుడన్నావు?”

“ఇప్పుడు అంటున్నాను. ‘నాకు ఇక్కడ చోటు దొరుకుతుందా?’ చెప్పండి.”

“ఈ భాషతో నాకొచ్చిన చిక్కేంటో తెలుసా? మనకి క్రియ చివర్లో వస్తుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ, వెళ్తానో ఉంటానో చివరిదాకా తేల్చుకోవచ్చు. వాళ్లకి రెండో మాటకే తేల్చేయాలి. అంత తొందరగా ఎవడు తేలుస్తాడు?”

“తేల్చేవాళ్లు తేలుస్తారు. పాప తేల్చడం లేదూ? బొమ్మల సినిమాలు చూసే నేర్చేసుకుంది.”

“తొమ్మిదేళ్ల దానితో నాకు పోలికా! నిన్న అది నన్ను ఆ భాషలో తిట్టింది తెలుసా.”

“తిట్టలేదు. ‘నాన్నా, కాస్త పక్కకి జరుగు’ అంది.”

“నాకేం తెలుసు, గొంతు అలా ఉంది. అయినా దానికేం, పరీక్షా పాడా? నీ కాగితాల మీదే వెళ్లిపోవచ్చు. వీసా కావాలంటే రాసి చావాల్సింది నేనొక్కణ్నే.”

“నేను రాయలేదా? పన్నెండు గంటల డ్యూటీల మధ్య రాశాను. దుప్పట్లు పెట్టే గదిలో, మూటల మీద కూర్చుని చదివాను. ఎవరూ నాకు టీ ఇచ్చి పాఠం అప్పజెప్పించుకోలేదు.”

“నీ సంగతి వేరు.”

“ఏం వేరు?”

“నీకు వస్తుంది.”

“మీకు?”

“నాకు రాదు.”

“ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీకు రావడం లేదా, రావాలని లేదా?”

“భాష గురించేనా?”

“రెండింటి గురించీ. భాష రావడం, మీరు రావడం.”

“పొద్దున్నే ఏం మాటలవి?”

“తప్పించుకోకండి.”

“రావాలనే ఉందే. ఎలా చెప్పను నీకు... మొన్న బుధవారం బట్టల కొట్లో లిఫ్టు ఆగిపోతే వెళ్లాను. కింద గుంతలోకి దిగి, స్ప్రింగులు చూసి, పై అంతస్తులో మా వాడు పని ముగించేదాకా ఖాళీయే కదా అని జేబులోంచి పుస్తకం తీశాను. నాలుగు వాక్యాలు చదివాను. ఐదోది గుర్తులేదు. గోడకి ఆనుకుని నిద్రపోయాను.”

“గుంతలోనా? లిఫ్టు కిందా?”

“పైనుంచి పేరు పెట్టి అరిచేదాకా మెలకువ రాలేదు.”

“దేవుడా! ఎవరైనా బటన్ నొక్కి ఉంటే?”

“పవర్ తీసే దిగుతాంలే. అలా చూడకు.”

“వారం కావస్తోంది. నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే పుస్తకం మూసేస్తావని.”

“మూసేస్తే పోయేది కదా.”

“నువ్వు మూసేస్తే ఇంక నా పని అయిపోయినట్టే. ఇలా గుమ్మంలోనే నిలబెట్టి అడుగుతున్నావనుకో, విసుక్కుంటాను గానీ, లోపల ధైర్యంగా ఉంటుంది. ఇంకా నేను పనికొస్తాననే అనుకుంటోంది అని... ఏమైంది? ఏడుస్తున్నావా?”

“లేదు. రాత్రంతా ఏసీ వార్డు. జలుబు.”

“జలుబుకి కళ్లెందుకు ఎర్రబడతాయి?”

“నిద్ర లేక. నేనూ అలిసిపోయానండీ. ఇదివరకు మీరు తప్పు చెప్తే కోపమొచ్చేది. ఇప్పుడు కోపం కూడా రావడం లేదు. దానికే భయంగా ఉంది.”

“కోపం రాకపోతే మంచిదేగా?”

“కాదు. మంచిది కాదు.”

“సరే సరే. ఇంకొకటి అడుగు. ఈసారి సరిగ్గా చెప్తాను, చూడు. బండి అందకపోయినా పర్లేదు.”

“‘పద్నాలుగో తారీఖున బయల్దేరుతున్నాం.’ ఇది చెప్పండి.”

“ఇదెక్కడుంది పుస్తకంలో?”

“పుస్తకంలో లేదు.”

“సిలబస్‌లో లేనివి అడుగుతావా! ఆగు, ఆలోచించనీ. మనకైతే ‘బయల్దేరుతున్నాం’ అంటే సరిపోతుంది, ఎవరో చెప్పక్కర్లేదు. వాళ్లకలా కుదరదు, ముందు ఎవరో చెప్పి తీరాలి. అదొచ్చు నాకు. రెండో మాట క్రియ. దానికో తోక. ఆ తర్వాత తారీఖు... పద్నాలుగుకి వాళ్లు నాలుగు ముందంటారు కదూ?”

“ముందే.”

“అయితే విను... ఇదిగో, చెప్పేశాను. ఏంటలా చూస్తున్నావు? అంత ఘోరంగా ఉందా?”

“ఇంకోసారి చెప్పండి.”

“తప్పని ఒప్పుకుంటాను, వదిలేయ్.”

“కాదు. ఇంకోసారి వినాలనుంది.”

“సరే, విను మళ్లీ... ఊఁ?”

“ఒక్క తప్పు లేదు.”

“నిజంగా? తోక కూడా?”

“తోక కూడా. యాస కూడా బాగుంది.”

“చూశావా! ఎనిమిది నెలలకి, ఒక్కటంటే ఒక్క వాక్యం పూర్తిగా! పాపని లేపు, వినిపిస్తాను. నాన్నని పక్కకి జరగమంటుందా!”

“పడుకోనివ్వండి.”

“నేనేమంటానంటే, ఈ ఒక్క దాంట్లో వాళ్ల భాషే హాయి. మనం అన్నా, మేము అన్నా వాళ్లకి ఒకటే మాట. ఎవర్ని కలుపుకున్నారో, ఎవర్ని వదిలేశారో బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఒక్క మాట నేర్చుకుంటే రెండింటికీ సరిపోయింది.”

“ఊఁ.”

“ఏంటి ఊఁ? మెచ్చుకుంటే నీ సొమ్మేం పోయింది... ఉండు. పద్నాలుగు అన్నావేంటి? ఏ పద్నాలుగు?”

“వచ్చే నెల పద్నాలుగు.”

“నా పరీక్ష ఇరవై ఆరున కదా.”

“అవును.”

“మరి గడువు?”

“ఇవ్వలేదు. ఇప్పటికే రెండుసార్లు ఇచ్చామన్నారు. ఈసారి రాకపోతే ఇంకొకళ్లని తీసుకుంటామన్నారు.”

“నువ్వేమన్నావు?”

“వార్డు బయట వరండాలో నిలబడి మళ్లీ బతిమాలాను.”

“ఆ తర్వాత?”

“టీ చల్లారిపోతోంది, తాగండి.”

“టీ సంగతి తర్వాత. ఇందాక నాతో రెండుసార్లు చెప్పించావే, ఆ వాక్యం. దాన్ని మన భాషలో ఏమనాలి? మనమా, మేమా?”

“మేము.”