వెనక మనిషి లేని రోజు

1994 జూన్ 6వ తేదీన మా రహదారి నిర్మాణ విభాగంలో రోడ్డు రోలరు చోదకులుగా చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మా సహోద్యోగిని అందరూ ఆప్యాయంగా ‘నిదానం గారు’ అంటారు. వెనక నిలబడి దారి చూపే మనిషి లేనిదే, ఎవరెంత తొందరపెట్టినా వారు బండిని వెనక్కి తీసేవారు కారు. తొలి పన్నెండేళ్లలో ఆ చక్రాల కింద కంకర నలిగిందే గాని, ఒక్కరి కాలిగోరు కూడా నలగలేదు.

ఆ మరుసటి సంవత్సరం జరిగినది చెప్పడానికే, ఈ వీడ్కోలు సంచికలో వారి గురించిన వ్యాసం నేనే రాస్తానని అడిగి తీసుకున్నాను. అప్పటి సైట్ ఇంజినీరుగా, ప్రారంభోత్సవం తొందరలో, ఆ వెనక మనిషిని తారు పనికి పంపించినది నేనే.

“వెనక ఎవరూ లేరు సార్. మనిషిని పిలిపించండి,” అన్నారు వారు.

“నేను చూస్తున్నాగా, తియ్యవయ్యా,” అన్నాను.

నా మాట నమ్మి వారు బండిని వెనక్కి తీశారు. నేను చూడడం లేదు. పై అధికారితో ఫోనులో మాట్లాడుతున్నాను. రోలరు వెనక వంగి కంకర సర్దుతున్న కూలీ, నిదానం గారి భార్యకు సొంత తమ్ముడు, మోకాలి కింద కాలు పోగొట్టుకున్నాడు.

నివేదికలో ‘చోదకుని అజాగ్రత్త’ అని రాసి సంతకం చేశాను. నాకు పదోన్నతి వచ్చింది. వారు మిగిలిన సర్వీసంతా షెడ్డులో బళ్లు కడిగారు. బావమరిది మళ్లీ వారింటి గడప తొక్కలేదు.

గత నెల షెడ్డుకు వెళ్లి, ఇన్నేళ్లూ నిజం ఎందుకు చెప్పలేదని తల వంచుకునే అడిగాను. వారు నీళ్ల గొట్టం కట్టేశారు.

“గేరు వేసింది నేనేగా సార్. మీరు వెయ్యమన్నారని చెప్తే వాడి కాలొస్తుందా? మా ఆవిడకి మాత్రం తెలిస్తే బాగుండేది. తమ్ముడి కాలు తీసినవాడికి అన్నం పెడుతున్నాననుకుంటోంది, పాపం.”

అమ్మా, ఈ పుట మీరు చదువుతారని తెలిసే రాస్తున్నాను. ఆ నివేదిక అబద్ధమని విభాగానికి రాసిచ్చాను. మీ తమ్ముడింటికీ వెళ్లి చెప్పాను. ఆయన నన్ను కూర్చోమనలేదు. “బావ పంపించాడా?” అని అడిగారు. కాదన్నాను.

“ఆదివారం వస్తానని చెప్పండి,” అన్నారు.

నిదానం గారూ, మీకు శుభాకాంక్షలు చెప్పే అర్హత నాకుందో లేదో తెలియదు. అయినా, బావాబావమరుదులిద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని, ఇన్నేళ్ల మాటలూ తీరిగ్గా మాట్లాడుకోవడానికి సరిపడేంత ఆయుష్షూ, ఆరోగ్యమూ మీకు కలగాలని మనసారా కోరుకుంటున్నాను.