పేరు లేని మిషన్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో భిక్షపతి, ప్రసన్నకుమార్ తొమ్మిదేళ్లుగా కలిసి నడుపుతున్న కంప్యూటర్ సెంటర్. పది కొత్త కంప్యూటర్లకు భిక్షపతి పొద్దుటి నుంచి లినక్స్ వేస్తున్నాడు. పక్కన కూర్చుని ప్రసన్నకుమార్ నోట్‌బుక్కులో రాసుకుంటున్నాడు.

“లినక్స్ ఎక్కుడు అయిపోయింది. ఇగ అసలు పని. ముందుగాల అప్‌డేట్లు.”

“రాశాను. తర్వాత ప్రింటరు, తర్వాత తెలుగు కీబోర్డు. అవునా?”

“అవును. అయినా గివన్ని నీకెందుకు? నేనున్న గద.”

“ఉన్నావనుకో. ఎప్పుడైనా నువ్వు నల్గొండ వెళ్తే...”

“తొమ్మిదేండ్లల్ల ఎన్నిసార్లు పోయిన? చెల్లె పెండ్లికి గూడ రెండు రోజులే పోయిన.”

“ఊరికే అన్నాలే. ఆ తర్వాత?”

“యూజర్లు. పిల్లలకొకటి, సార్లకొకటి. సార్ల పాస్‌వర్డ్ ఉంటెనే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కుతది. ఇప్పుడన్న చెప్పు, అన్నిటికి ఏం పెట్టాలె?”

“అది నేను పెట్టుకుంటాలే.”

“నువ్వా?”

“అంటే, మనం. మనం పెట్టుకుందాం.”

“సరే. మిషన్‌కు పేరు. మన సెంటర్ పేరు కొట్టనా?”

“వద్దొద్దు. దీనికీ ఉత్త నంబరే వెయ్యి.”

“పాతవాటికన్నిటికి మన పేరే ఉంది.”

“ఇవి కొత్తవి కదా.”

“కొత్తవైతే? సరే గాని, గివన్ని ఏడ పెడ్తం? లోపలి రూంల ఇంక మూడు పడ్తయేమో.”

“ఎక్కడో ఒకచోట సర్దుదాంలే.”

“ఎక్కడ్నో ఒకకాడ.”

“ఏంటి భిక్షపతీ, ఇవాళ అన్నీ గుచ్చి గుచ్చి అడుగుతున్నావు?”

“ఏం లేదు. బ్యాకప్ పెట్టిన. నా నోట్సు ఎక్కించమంటివి, అది గూడ ఎక్కించిన.”

“అన్నీనా? పరీక్షల ప్రశ్నలు, జవాబులు కూడా?”

“అన్ని. తొమ్మిదేండ్లయి.”

“హమ్మయ్య. ఇక మూసెయ్యి. ట్రాలీ ఆటో వస్తోంది.”

“ఆటో ఏడికి? మన్సూరాబాద్‌కేనా?”

“...నీకెవరు చెప్పారు?”

“ఫ్లెక్సీ కొట్టేటాయన. మొన్న ఫోన్ చేసిండు. మన్సూరాబాద్ కొత్త సెంటర్ బోర్డు మీద ప్రసన్నకుమార్ సార్ పేరొక్కటే ఉంది, మీ పేరు రాసుడు మర్చిండ్రా అని అడిగిండు.”

“భిక్షపతీ, నేనే చెబుదామనుకున్నా. మా బావమరిది పెట్టుబడి పెడతానన్నాడు. బయటివాళ్లు వద్దన్నాడు. నా పరిస్థితి కూడా...”

“బయటోళ్లు అన్నడు. నువ్వేమన్నవ్?”

“ఏమంటాను?”

“అదే అడుగుతున్న.”

“సరేనన్నాను.”

“మంచిది. వైర్లు చుట్టి డబ్బాల పెట్టిన. మౌసులు కింద ఉన్నయి, చూసుకో.”

“మొన్నే తెలిస్తే మరి ఇవాళ పొద్దుట్నుంచి ఇవన్నీ ఎందుకు చేశావు? ఒక్క మాట అనలేదు.”

“ఒక్కో మిషన్ కాడ అనుకున్న, దీని కాడన్న చెప్తడు అని. గిది పదోది.”