బల్ల మీది రేవు

పొద్దున్న మబ్బు కమ్మి, చినుకు రాలకుండానే విడిపోయింది. భోజనాల బల్ల మీద ఆయన కట్టిన బుల్లి రేవులో బొమ్మ రైలు మళ్ళీ పట్టాలు తప్పింది.

“నా వల్ల కాదే. పీకేస్తాను, నీ బల్ల నువ్వే తీసుకో.”

ఏడాదిగా భార్య అడుగుతున్నది అదే. కానీ దిగాలు పడ్డ ఆయన మొహం చూడలేకపోయింది.

“జరగండి. పట్టా పక్క సందంతా ప్లాస్టరుతో పూడ్చేశారేం?”

“గట్టు చదునుగా ఉండాలని.”

“మరి చక్రం అంచు ఎక్కడ దిగాలి, మీ నెత్తి మీదా?”

ఆమె తలపిన్నుతో సందంతా గీకింది.

“ఊఁ, వదలండి.”

“క్రేను దాటింది... ఓడ దాటింది... మలుపు తిరిగిందే! నీళ్ళ అంచునే ఆగిందే, మహాతల్లీ!”

“అరవకండి, పడిపోతుంది.”

“మరి బల్ల?”

“ఉండనివ్వండి. కింద వడ్డిస్తాను.”

నేల మీద కూర్చుని, తలలెత్తి రేవునే చూస్తూ, ఇద్దరూ తిన్నారు.