లుద్మీల ఎక్కిన రాకెట్టు

మంగళవారం పూట గడ్డమా అని మొగం అట్ల పెడ్తావేమప్పా శంకరప్పా? ఇరవై ఏండ్లుగా ఇదే కుర్చీలో కూచోని, చంద్రుని మీద నడిచినోళ్ళ పేర్లు పన్నెండూ అప్పజెప్తావు. మంగళవారం కత్తి తగిలితే మాత్రం అరిష్టమంటావు. అంగడికి సెలవని నాకూ తెలుసు. నీకోసమే షట్టరు సగం లేపినా. కూచో. తల వెనక్కి ఆనించు.

పుస్తకం ఇస్తాలే. దానికోసమే వచ్చినావని తెలుసు. ముందర నురగ పూయనీ. నోట్లోకి పోతాది, మాట్లాడొద్దు.

నిన్న మీ పాప ఈడికి వచ్చింది, చెప్పిందా నీకి? రేపు హిందూపురంలో మాట్లాడే పోటీ అంట కదా. ‘నా పేరు వెనకుండే మనిషి’ అని నాలుగు పేజీలు రాసుకోనింది. ఆ బెంచీ మీద కూచోని నాకు చదివి వినిపించింది. లుద్మీల అనే ఆమె రష్యా నుంచి అంతరిక్షానికి పోయిన రెండో ఆడమనిషంట. పైన యాంటెన్నా ఊడిపోతే తలలో పిన్ను తీసి బాగు చేసిందంట. మా నాయన అందుకే నాకి ఆ పేరు పెట్టినాడు, అంటాది. చదువుతాంటే ఆ బిడ్డ మొగం చూడాల నువ్వు. నేను చూడలేకపోతిని. కత్తెర కిందపడె, తీసుకునేకి వంగినోన్ని శానాసేపు లేవలేదు.

ఇంటర్నెట్ సెంటర్లో గంటసేపు వెతికిందంట. ఆ పేరు యాడా దొరకలేదంట. అట్లాంటి మనిషే లేదు పాపా అని సైన్సు సారు అంటే, మా నాయన అబద్ధం చెప్పడు సార్ అని ఆయనతో తగువేసుకోని వచ్చింది. గోవిందరాజులు మామ దగ్గర పుస్తకముండాది, తెచ్చి చూపిస్తానని నా పేరే చెప్పిందంట. అందుకే కదా నిన్ను తరిమింది.

కదలొద్దు. చెంప మీద కత్తి ఉండాది.

మన ఆదివారాలు గుర్తుండాయా? నువ్వు అమెరికా, నేను రష్యా. నాగప్పేమో ఎవురూ యాడికీ పోలేదు, అంతా మద్రాసులో సెట్టింగులేసి తీసినారని పందెం కాసేటోడు. గడ్డానికని వచ్చినోళ్ళు గడ్డం మరిచిపోయి మన తగువు వినేవాళ్ళు. ముందర పైకి పోయింది మావోడే అని నేను, చంద్రుని మీద దిగింది మావోళ్ళే అని నువ్వు. మావోడంట, మీవోడంట. కదిరి పోయే బస్సెక్కితే ఘాటు రోడ్డులో వాంతి చేసుకునే మొగాలు మనవి.

తొంభై ఒకటిలో ఒక ఆదివారం. ఆ రష్యా దేశమే చీలికలు పేలికలై పోతాండె, దినమూ పేపర్లో అదే. ఆ పొద్దు నువ్వు నన్ను వదల్లేదు. ‘అరవై మూడులో ఒక ఆడమనిషిని పంపి ఫొటోలు దిగిరి. ఇంకోదాన్ని పంపేకి పంతొమ్మిదేండ్లు పట్టె. ఇదేనా మీ సమానత్వం’ అంటివి. నిజమే కదా.

అప్పుడొక మాటంటివి. నీకి గుర్తుండదులే, అన్నోనికి గుర్తుండదు. ‘గడ్డాలు గీసేటోనికి గ్రహాలేం తెలుస్తాయప్పా’ అని.

అంగడంతా నవ్వె. నాగప్ప కూడా నవ్వె. చేతి కింద ఎవురిదో గడ్డముండె, నేనూ నవ్వితిని.

నవ్వుతా నవ్వుతానే అనేసినా. మధ్యలో ఒకామె పోయిందప్పా, గుట్టుగా పంపినారు, నీకి తెల్దు, లుద్మీల అని, నా దగ్గర పుస్తకంలో ఉండాదని. పిన్ను సంగతి కూడా అప్పుడే పుట్టె. నోరు ఒకసారి తెరిస్తే కథ దానంతటదే వస్తాంది, ఏం చేసేది?

అవును. అబద్ధం. అంతా అబద్ధమే.

గమ్మునుండు. ఇప్పుడు అర్థమాయనా, కుడిపక్క నున్నగా గీసి ఎడమపక్క నురగతో ఎందుకు నిలిపినానో? సగం గడ్డంతో ఎవురూ బజార్లోకి పోరు. ఇరవై ఐదేండ్ల నా పనిలో ఎవురూ పోలేదు. ఆ ధైర్యంతోనే చెప్తాండా. మిగిలింది కూడా విను.

నువ్వు ఎదురుతిరుగుతావనుకున్నా. నువ్వేం చేస్తివి? లేచొచ్చి భుజం మీద చెయ్యేసి, అందరి ముందర, ‘ఓడిపోయినా గోవిందా’ అంటివి. ఎంత బాగుండెనో ఆ మాట. వచ్చే ఆదివారం నిజం చెప్తాంలే అనుకుంటి. ఆ ఆదివారమూ బాగానే ఉండె.

మరుసటేడు మీ ఇంట బిడ్డ పుట్టె. మీ కులపోళ్ళందరి మధ్యన నన్ను పిలిచి మగ్గం పక్కన చాప మీద కూచోబెట్టి, బిడ్డ చెవిలో పేరు నువ్వే చెప్పల్లంటివి. బాలింత కమలాక్షి బిడ్డను నా ఒళ్ళో పెట్టె. మీ అవ్వ నోరు తిరక్క లుద్దమ్మా, లుద్దమ్మా అంటాంటే అందురూ నవ్వుతాండ్రి. నువ్వు నాకి అంత మర్యాద చేస్తివి, నేను ఆ పసిచెవిలో అబద్ధం ఊదితిని.

మూడేండ్ల కింద అంతరిక్షం నుంచి దిగుతా ఆ కొలంబియా కాలిపోయినప్పుడు పాప రెండు దినాలు అన్నం తినలేదని చెప్తివి. ఆ పొద్దు చెప్పాలని మీ ఇంటి దాకా వచ్చినా. నిజంగా పోయినామె ఒకతి చచ్చిపోయి బిడ్డ ఏడుస్తాంటే, మిగిలిన లుద్మీలను నేనెట్ల చంపేది? వాకిట్లోనుంచే వెనక్కి తిరిగితిని.

పుస్తకమా? ఉండాది. ఆ అద్దం కింద చూడు. మా కూతురు సుచిత్రకు కొనిచ్చిన రష్యా బొమ్మల పుస్తకం, ఎలుగుబంట్ల కథ. కడాపేజీలో ‘బొమ్మలు: లుద్మీల’ అని ఉండాది. ఆ పొద్దు కంటికి ఆ పేరే కనపడె, నోటికి అదే వచ్చె.

యాడికప్పా లేస్తావు? కూచో. ఎడమపక్క ఇంకా... శంకరప్పా, మెడలో గుడ్డ కూడా తీయలే. అద్దమన్నా చూసుకో. టీ అంగడి కాడ అందురూ ఉండారు, నాగప్ప కూడా ఉండాడు, నవ్వుతారప్పా.

సరే, పో. సగం గడ్డంతో ఎవురూ పోరనుకుంటి, నాకి గడ్డాల సంగతి కూడా తెల్దు. పాపకు రాత్రికే చెప్పు, స్టేజీ ఎక్కినాక తెలిసేది వద్దు. తిట్టేది నన్ను తిట్టమను.

ఇదో, పుస్తకం మరిచిపోతాండావు. తీసుకో. పాపకియ్యి. లుద్మీల ఉండిందని చెప్పు, నిజంగానే ఉండింది. ఎలుగుబంటి బొమ్మలు బాగా వేసేదని చెప్పు. యాడికీ పోలేదు. మన మాదిరే.